రిజర్వేషన్‌కు అందని తొలి గ్రాంటు

కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబర్ 1న జీవవైద్య పరిశోధన వృత్తి కార్యక్రమం మూడో దశకు ఆమోదం తెలిపింది. మొత్తం వ్యయం రూ.1,500 కోట్లు. అందులో రూ.1,000 కోట్లు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, మిగిలిన రూ.500 కోట్లు బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు భరిస్తాయి. 2030-31 వరకు కొత్త ఫెలోషిప్‌లు మంజూరు చేసి, వాటిని 2037-38 వరకు కొనసాగిస్తారు. 2008లో మొదలైన ఈ భాగస్వామ్యాన్ని నడిపే ఇండియా అలయన్స్ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. పీహెచ్‌డీ పూర్తిచేసి సొంతంగా పరిశోధన ఆరంభించాలనుకునే యువతకు దేశంలో లభించే ప్రతిష్ఠాత్మక సహాయాల్లో ఇదొకటి. మూడో దశ లక్ష్యాలను వివరిస్తూ ప్రభుత్వం, మహిళలకు అందే మద్దతును 10 నుంచి 15 శాతం పెంచుతామని, ద్వితీయ, తృతీయ శ్రేణి పట్టణాలకు కార్యక్రమాన్ని విస్తరిస్తామని చెప్పింది. రెండూ ఆహ్వానించదగినవే. అయితే ఆ లక్ష్యాల్లో కులం ప్రస్తావన లేదు.

దీనికి రెండేళ్ల ముందు, 2023 ఆగస్టులో, పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ చట్టాన్ని ఆమోదించింది. 2008 నాటి చట్టంతో ఏర్పడిన సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన మండలి ఇందులో కలిసిపోయింది. ఐదేళ్లలో రూ.50,000 కోట్లు పరిశోధనకు సమకూర్చాలన్నది లక్ష్యం. కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకుల కోసం ఈ సంస్థ ప్రధానమంత్రి పేరుతో ప్రారంభ పరిశోధక గ్రాంటు ప్రవేశపెట్టింది. మూడేళ్లకు రూ.60 లక్షల వరకు ఇస్తుంది. దేశంలో రేపటి శాస్త్రజ్ఞులు ఎవరనేది ఇక ముందు ఇలాంటి నాలుగైదు పథకాల ఎంపిక సంఘాలే చాలావరకు నిర్ణయించబోతున్నాయి. సీట్ల గురించి, ఉద్యోగాల గురించి మనం దశాబ్దాలుగా చర్చిస్తున్నాం. సీటుకూ ఉద్యోగానికీ నడుమ, ఉద్యోగానికీ పదోన్నతికీ నడుమ నిలిచే ఈ గ్రాంటు గురించి మాత్రం సామాజిక న్యాయ చర్చ దాదాపు మౌనంగా ఉంది. ఆ మౌనం ఖరీదు దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల పరిశోధకులు చెల్లిస్తున్నారు.

తొలి గ్రాంటు అంటే కేవలం డబ్బు కాదు. జీవవైద్య పరిశోధనకు కాగితం, కలం, గ్రంథాలయం సరిపోవు. కణాలను పెంచే ఇంక్యుబేటర్ కావాలి. మైనస్ 80 డిగ్రీల శీతల పెట్టె కావాలి. విదేశాల నుంచి మంచు పెట్టెల్లో వచ్చే యాంటీబాడీలు, రసాయనాలు కావాలి. ఇద్దరు పరిశోధక విద్యార్థులకు జీతం ఇవ్వాలి. ఇవన్నీ తొలి గ్రాంటుతోనే సమకూరుతాయి. ల్యాబ్ ఏర్పడితే ఫలితాలు, ఫలితాలు వస్తే ప్రచురణలు, ప్రచురణలు ఉంటే రెండో గ్రాంటు. తొలి మెట్టు ఎక్కలేనివారికి మిగతా మెట్లు ఉన్నా లేనట్లే. చరిత్రకారుడు గ్రాంటు లేకున్నా ఒక పుస్తకం రాయగలడేమో గాని, గ్రాంటు లేని జీవశాస్త్రజ్ఞుడు పాఠాలు చెప్పే ఉద్యోగిగా మిగిలిపోతాడు.

రాజ్యాంగంలోని 15వ అధికరణ విద్యా ప్రవేశాల్లో ప్రత్యేక ఏర్పాట్లకు, 16వ అధికరణ ప్రభుత్వ నియామకాల్లో రిజర్వేషన్లకు వీలు కల్పించాయి. గ్రాంటు సీటు కాదు, పోస్టు కూడా కాదు. అది ఒక ప్రతిపాదనకు ఇచ్చే ధనసహాయం. కాబట్టి రోస్టర్ దానికి వర్తించదు, ఖాళీల లెక్క ఉండదు, భర్తీ కాని కోటా వచ్చే ఏటికి మిగలదు. ఒక విశ్వవిద్యాలయం ఎస్సీ పోస్టు భర్తీ చేయకపోతే కనీసం కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఒక ఎంపిక సంఘం వరుసగా పదేళ్లు ఒక్క ఆదివాసీ పరిశోధకుడినీ ఎంపిక చేయకపోయినా ఏ నిబంధనా ఉల్లంఘన కాదు.

పోస్టుల విషయంలోనూ శాస్త్ర రంగానికి మినహాయింపులు పాతవే. గ్రూపు-ఎ తొలి శ్రేణికి పైనున్న శాస్త్ర, సాంకేతిక పోస్టుల్లో, పరిశోధన చేయడానికో దాన్ని నడిపించడానికో ఉద్దేశించిన వాటిని రిజర్వేషన్ నుంచి తప్పించే ఉత్తర్వులు ఎన్నో ఏళ్లుగా అమలులో ఉన్నాయి. 2019లో వచ్చిన కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక రిజర్వేషన్ చట్టం విశ్వవిద్యాలయాన్నంతటినీ ఒకే యూనిట్‌గా గుర్తించి మేలు చేసింది. కానీ అదే చట్టం షెడ్యూలులో కొన్ని సంస్థలకు మినహాయింపునిచ్చింది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రం, టాటా మౌలిక పరిశోధన సంస్థ వాటిలో ఉన్నాయి. అంటే గ్రాంటుల పోటీలో ముందు వరుసలో ఉండే సంస్థలు కొన్నింటిలో అధ్యాపక పోస్టుకే రిజర్వేషన్ లేదు. పోస్టు లేనిచోట గ్రాంటుకు దారి ఎక్కడిది?

ఫలితం ఎలా ఉందో చూపే అంకెలు అరుదుగా బయటికి వస్తాయి. 2023 జనవరిలో నేచర్ పత్రిక భారత శాస్త్ర రంగంలో కులం గురించి ప్రచురించిన కథనం అలాంటిది. పీహెచ్‌డీ తర్వాత శాశ్వత ఉద్యోగం లేని యువ పరిశోధకులకు ఐదేళ్లపాటు జీతం, పరిశోధన నిధి ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ వివరాలను అందులో పొందుపరిచారు. 2016 నుంచి 2020 వరకు ఈ ఫెలోషిప్ పొందినవారిలో 80 శాతం ఆధిపత్య కులాలవారు. షెడ్యూల్డ్ కులాలవారు 6 శాతం. షెడ్యూల్డ్ తెగలవారు ఒక్క శాతం కూడా లేరు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. ఈ వ్యత్యాసాన్ని ప్రతిభ అనే ఒక్క మాటతో దాటవేయడం సాధ్యం కాదు.

దరఖాస్తు పత్రంలో ఎక్కడా వివక్ష కనిపించదన్నది నిజమే. ప్రతి నిబంధనా అందరికీ సమానమే. అయితే ఆ నిబంధనలను ఒక్కొక్కటిగా మన గ్రామాల నుంచి, గురుకులాల నుంచి వచ్చిన పరిశోధకుడి జీవితం పక్కన పెట్టి చూడాలి. మొదటిది, ఉద్యోగ స్థితి. చాలా ప్రారంభ గ్రాంటులకు శాశ్వత అధ్యాపక పదవి తప్పనిసరి. పాత మండలి ఇచ్చిన స్టార్టప్ గ్రాంటు, రెండేళ్లకు రూ.30 లక్షలు, శాశ్వత ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపువారికే. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు దశాబ్దకాలం దాదాపు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో నోటిఫికేషన్ వెలువడినా వ్యాజ్యాల్లో చిక్కుకుంది. ఈ కాలంలో పీహెచ్‌డీ పూర్తిచేసిన వేలాదిమంది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులుగా మిగిలారు. వారిలో బహుజన వర్గాలవారు ఎంత పెద్ద సంఖ్యలో ఉన్నారో ఏ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తిరిగినా తెలుస్తుంది. వారు పదేళ్లు పాఠాలు చెప్పినా గ్రాంటు నిబంధనల దృష్టిలో పరిశోధకులు కారు. ఉద్యోగం దొరికేనాటికి వయోపరిమితి ముంచుకొస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు వయసులో సడలింపు ఇచ్చినా, ప్రభుత్వం నియామకాలు ఆపివేసిన ఏళ్లను ఆ సడలింపు పూడ్చలేదు.

రెండోది, ఆతిథ్య సంస్థ. ఇండియా అలయన్స్ ప్రారంభ ఫెలోషిప్‌కు శాశ్వత ఉద్యోగం అక్కర్లేదు. వయోపరిమితికి బదులు పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనానుభవాన్ని లెక్కిస్తారు. ఇది మెరుగైన పద్ధతి. కానీ ఒక సంస్థ ముందుకొచ్చి చోటు, పరికరాలు, పాలనా సహకారం ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఆ సంస్థ డైరెక్టర్ తలుపు తట్టగలిగేదెవరు? ఆయన వద్ద చదివినవారు, ఆయన మిత్రుడి వద్ద పనిచేసినవారు, విదేశీ ల్యాబ్ పేరు చెప్పుకోగలిగినవారు. పైగా మానవ నమూనాలపై పరిశోధనకు నైతిక సంఘం, జంతువులపై పరిశోధనకు గుర్తింపు పొందిన జంతుశాల, జన్యుమార్పిడి పనికి జీవభద్రతా సంఘం ఉండాలి. జిల్లా విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కళాశాలల్లో ఈ మూడూ కలిసి దొరకడం కష్టం. అక్కడ పనిచేసే పరిశోధకుడి ఆలోచన ఎంత గొప్పదైనా దరఖాస్తులోని ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

మూడోది, ప్రాథమిక ఫలితాలు. చేయబోయే పని సాధ్యమేనని నిరూపించే కొన్ని ప్రయోగ ఫలితాలు ప్రతిపాదనలో ఉండాలని సమీక్షకులు ఆశిస్తారు. డబ్బు కావాలంటే ఫలితాలు చూపాలి, ఫలితాలు రావాలంటే డబ్బు కావాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గెలవడానికి ముందు ఇల్లంటూ ఉండాలి కదా! పెద్ద సంస్థలో పోస్ట్‌డాక్ చేసినవాడు తన గైడ్ నిధులతో ఆ తొలి ఫలితాలు సంపాదించుకుంటాడు. ఫెలోషిప్ బకాయిలతో నెట్టుకొచ్చే విద్యార్థికి ఆ వెసులుబాటు ఉండదు. 2016 జనవరిలో మనల్ని వీడిన రోహిత్ వేముల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తొలుత జీవశాస్త్ర పరిశోధక విద్యార్థిగానే చేరాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని అతడు చివరి లేఖలో రాసుకున్నాడు. జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతనానికి 2025లో ఎంపికైన 106 మందిలో తొలుత 40 మందికే మంజూరు లేఖలు ఇచ్చి, మిగిలినవారికి నిధుల లభ్యతను బట్టి ఇస్తామని కేంద్ర సామాజిక న్యాయ శాఖ చెప్పిన సంగతీ మరవలేం. ఇలా ఆగి ఆగి అందే సహాయంతో చదివినవారిని, నెలనెలా జీతం అందిన వారి పక్కన నిలబెట్టి ప్రచురణలు లెక్కపెడుతున్నాం.

నాలుగోది, సిఫారసు లేఖ, మౌఖిక పరీక్ష. మన ప్రాంతంలో ఇంటిపేరు ఒక్కటే కులాన్ని పట్టివ్వదు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. అయినా సొంత ఊరు, చదివిన కళాశాల, గైడ్ పేరు, పొందిన ఫెలోషిప్ రకం, ఇంగ్లీషు ఉచ్చారణ కలిసి చెప్పాల్సింది చెప్పేస్తాయి. వైద్య విద్యలో మౌఖిక పరీక్షలు ఎలా నడుస్తాయో ఢిల్లీ ఎయిమ్స్‌పై 2007లో నివేదిక ఇచ్చిన సుఖదేవ్ థోరట్ కమిటీ ఎత్తిచూపింది. మూల్యాంకనంలో వివక్షను ఎదుర్కొంటున్నామని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఆ కమిటీ ముందు చెప్పుకున్నారు. పరిశోధన గ్రాంటుల మౌఖిక పరీక్షపై అలాంటి విచారణ జరగవలసే ఉంది.

సమీక్షించేది శాస్త్రజ్ఞులు కాబట్టి నిర్ణయం నిష్పాక్షికంగా ఉంటుందని కొందరి వాదన. ఈ వాదనను విదేశీ శాస్త్రజ్ఞులే పరీక్షించారు. స్వీడన్ వైద్య పరిశోధన మండలి ఇచ్చే పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్‌ల ఎంపికను క్రిస్టీన్ వెన్నెరాస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పరిశీలించి 1997లో నేచర్‌లో ప్రచురించారు. పురుషుడితో సమానమైన మార్కు పొందడానికి మహిళ రెండున్నర రెట్లు ఎక్కువ పరిశోధన చూపాల్సి వచ్చిందని తేలింది. ఎంపిక సంఘంలో పరిచయస్తులు ఉన్నవారికి అదనపు మార్కులు పడ్డాయని కూడా తేలింది. ఆ సమీక్ష పత్రాలు వారికి న్యాయపోరాటం చేశాకే దక్కాయి. ప్రపంచంలో లింగ సమానత్వానికి పేరుపడ్డ దేశంలోనే పరిస్థితి ఇది.

అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ గ్రాంటులపై డోనా గింథర్ బృందం 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం మరొకటి. చదువు, శిక్షణ, ప్రచురణలు, పూర్వపు గ్రాంటులు అన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా నల్లజాతి పరిశోధకులకు గ్రాంటు దక్కే అవకాశం శ్వేతజాతీయులకన్నా 10 శాతాంశాలు తక్కువగా ఉంది. ఆ దేశంలో వివక్ష పోలేదు. కానీ దరఖాస్తుదారుల జాతి వివరాలు నమోదయ్యాయి కాబట్టి దాన్ని రుజువు చేయడం సాధ్యమైంది. మన వద్ద ఇలాంటి అధ్యయనం లేకపోవడం వివక్ష లేదనడానికి రుజువు కాదు, లెక్కపెట్టలేదనడానికి రుజువు.

తొలి గ్రాంటు తప్పిపోతే మరొకటి వస్తుందిలే అనే ఓదార్పు కూడా నిలవదు. నెదర్లాండ్స్‌లో యువ పరిశోధకుల గ్రాంటులపై 2018లో వెలువడిన అధ్యయనం ఎంపిక గీతకు కాస్త పైన, కాస్త కింద నిలిచినవారిని పోల్చింది. మార్కుల్లో తేడా దాదాపు లేదు. కానీ తర్వాతి ఎనిమిదేళ్లలో గీత పైనున్నవారు కిందివారికన్నా రెట్టింపుకు మించిన నిధులు సంపాదించారు. ఒకసారి ఓడినవారిలో చాలామంది మళ్లీ దరఖాస్తు చేయడమే మానుకోవడం దీనికి ఒక కారణం. మన బహుజన పరిశోధకుల విషయంలో ఈ మానుకోవడం మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. ఇంటి బాధ్యత, చెల్లెలి పెళ్లి, తండ్రి అప్పు ఒకవైపు, తిరస్కరణ లేఖ మరోవైపు. అతడు పాఠశాల టీచర్ పరీక్ష రాస్తాడు, ఎంపికవుతాడు, కుటుంబం నిలబడుతుంది. దేశం ఒక జీవశాస్త్రజ్ఞుడిని కోల్పోయిందన్న సంగతి ఏ నివేదికలోనూ నమోదు కాదు.

పేదరికం నుంచి వచ్చిన మహనీయులు సహాయం లేకుండానే ఎదిగారు కదా అంటారు కొందరు. చరిత్ర ఆ మాటను సమర్థించదు. 1913లో బాబాసాహెబ్ అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో. 1917లో ఆ వేతనం గడువు ముగియడంతో లండన్ చదువు మధ్యలో ఆపి ఆయన తిరిగి రావలసి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరితే తలదాచుకోవడానికి ఇల్లు అద్దెకు దొరకలేదు. మళ్లీ 1920లోగాని లండన్ వెళ్లలేకపోయారు. అంతటి మేధావి చదువును మూడేళ్లు ఆపింది ప్రతిభ లోపం కాదు, నిధి లోపం. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో హార్వర్డ్‌కు వెళ్లడానికి మామగారి సహాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూత తోడయ్యాయి. ఇందువల్ల ఆయన ప్రతిభ వన్నె తగ్గదు. అయితే ప్రతిభకు ఊతమిచ్చే బంధుబలం, సంస్థాబలం అందరికీ పుట్టుకతో రావు. ఆ లోటు పూడ్చడానికే ప్రభుత్వ గ్రాంటు ఉంది. అది కూడా బంధుబలం ఉన్నవారికే చేరితే దాని ప్రయోజనం ఏమిటి?

ఎవరు పరిశోధిస్తారన్నదాన్ని బట్టి ఏది పరిశోధనకు నోచుకుంటుందో కూడా మారుతుంది. అమెరికా ఆరోగ్య సంస్థ గ్రాంటులపైనే 2019లో వచ్చిన మరో అధ్యయనం నల్లజాతి పరిశోధకులు సమాజ ఆరోగ్యం, జనసమూహాల్లోని వ్యాధుల వంటి అంశాలను ఎక్కువగా ఎంచుకుంటున్నారని, ఆ అంశాలకు గ్రాంటులు తక్కువగా వస్తున్నాయని చూపింది. నిధుల వ్యత్యాసంలో 20 శాతానికి మించిన భాగానికి ఈ అంశం ఎంపికే కారణం. మన నేలకు అన్వయించి చూడండి. సికిల్ సెల్ రక్తహీనత ఆదివాసీల్లో అధికం. దేశంలో దాన్ని నీలగిరి ఆదివాసీల్లో 1952లోనే గుర్తించారు. నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది 2023 జూలైలో. ఏడు దశాబ్దాల ఆలస్యం. నల్లగొండ ఫ్లోరోసిస్, ఉద్దానం కిడ్నీ జబ్బు, మురుగు కాలువల్లో దిగే పారిశుద్ధ్య కార్మికుల ఊపిరితిత్తుల సమస్యలు అంతర్జాతీయ పత్రికల్లో మెరిసే అంశాలు కావు. వాటిని కళ్లారా చూసి పెరిగినవారు ల్యాబ్‌లోకి రాకపోతే వాటిపై అడగవలసిన ప్రశ్నలు కూడా రావు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వి.రామలింగస్వామి పేరుతో బయోటెక్నాలజీ విభాగం విదేశాల నుంచి తిరిగివచ్చే శాస్త్రజ్ఞులకు ఫెలోషిప్ ఇస్తోంది. ఆయన కాంగ్రా లోయలో గాయిటర్‌పై, పేదల పోషకాహార లోపంపై పనిచేసి ప్రపంచ ఖ్యాతి పొందారు. విదేశాల నుంచి వచ్చేవారికి ఆయన పేరిట తలుపు తెరిచాం. శ్రీకాకుళం నుంచి వచ్చేవారికి ఏ తలుపు తెరిచాం?

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసమే పాత మండలి ప్రత్యేక గ్రాంటు నడిపింది. దాని స్థానంలో అనుసంధాన్ సంస్థ సమ్మిళిత పరిశోధన గ్రాంటును తెచ్చింది. ఇవి ఎందరికో ఆసరా అయ్యాయి. కొనసాగాలి, పెరగాలి. కానీ వేరుగా ఒక వరండా కట్టించి ప్రధాన గదిలోకి ఎవరు వెళ్తున్నారో అడగవద్దంటే ఒప్పుకోలేం. ప్రత్యేక గ్రాంటు డబ్బు ఇస్తుంది, ప్రతిష్ఠ ఇవ్వదు. పదోన్నతి సంఘాల్లో, అకాడమీ సభ్యత్వాల్లో లెక్కకొచ్చేది ప్రధాన పోటీలో నెగ్గిన గ్రాంటే. మరొక విషయం, శాస్త్ర శాఖల్లోని ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక నిధులు. వాటిలో గణనీయ భాగం గ్రామాల్లో శిక్షణలకు, సాంకేతికత ప్రదర్శనలకు, జీవనోపాధి పథకాలకు వెళ్తోంది. ఆ పనులు అవసరమే. కానీ ఆ లెక్కల్లో దళితుడు ఎప్పుడూ లబ్ధిదారుడే, శాస్త్రజ్ఞుడు కాడు. జ్ఞానాన్ని అందుకునే చేతులుగా గుర్తిస్తారు, జ్ఞానాన్ని సృష్టించే మెదడుగా గుర్తించరు. కులవ్యవస్థ మొదటి నుంచీ చేసిన విభజన కూడా ఇదే.

అందుకే తొలి డిమాండ్ లెక్కలు. గ్రాంటు ఇచ్చే ప్రతి సంస్థా ఏటా నాలుగు దశల వివరాలు ప్రకటించాలి. ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరు వడపోతలో మిగిలారు, ఎందరిని మౌఖిక పరీక్షకు పిలిచారు, ఎందరికి ఇచ్చారు. సామాజిక వర్గం, లింగం, సంస్థ స్వభావం వారీగా ఈ అంకెలు ఉండాలి. ఎక్కడ జారిపోతున్నారో తెలిస్తేనే చికిత్స సాధ్యం. దరఖాస్తులే రాకపోతే సమస్య విశ్వవిద్యాలయాల్లో ఉంది. మౌఖిక పరీక్షలో రాలిపోతుంటే సమస్య సంఘంలో ఉంది. దీనికి కొత్త సర్వే అక్కర్లేదు. వయోసడలింపు కోసం చాలా దరఖాస్తుల్లో వర్గం గడి ఎలాగూ నింపిస్తున్నారు. వెల్‌కమ్ ట్రస్టు తన సంస్థలో వ్యవస్థాగత జాతి వివక్ష ఉందని 2022లో బహిరంగంగా అంగీకరించింది. బ్రిటన్‌లో జాతి గురించి తనను తాను ప్రశ్నించుకున్న ట్రస్టు, మన ప్రజాధనంతో కలిసి నడిపే కార్యక్రమంలో కులం గురించి అదే ప్రశ్న వేయాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

కులం లెక్కలు ల్యాబ్‌లోకి తెస్తే శాస్త్రం మలినమవుతుందనేవారికి ఒక మాట. కేంద్రం 2025 ఏప్రిల్ 30న జనగణనలో కులగణనకు అంగీకరించింది. తెలంగాణ 2024లో ఇంటింటి సర్వే చేసింది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణను సమర్థించగా, తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి మూడు గ్రూపులుగా అమలు చేస్తోంది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాట పట్టింది. ప్రతి ఇంటినీ లెక్కించగల దేశం కొన్ని వేల దరఖాస్తులను లెక్కించలేదా? వర్గీకరణ నేర్పిన పాఠం కూడా ఇక్కడ వర్తించాలి. ఎస్సీ అనే ఒకే గడిలో రెల్లి, డక్కలి వంటి అట్టడుగు కులాలు కనుమరుగు కాకూడదు. వెనుకబడిన తరగతుల్లోని సంచార జాతుల సంగతీ అంతే.

రెండో డిమాండ్ విత్తన నిధి. ఇది రాష్ట్రాల చేతిలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఉప ప్రణాళిక చట్టం తెచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. ఈ నిధుల నుంచి ఏటా వందమంది ఎస్సీ, ఎస్టీ యువ పరిశోధకులకు రూ.10 లక్షల చొప్పున ఇస్తే అయ్యే ఖర్చు రూ.10 కోట్లు. ప్రాథమిక ఫలితాలు సంపాదించి కేంద్ర గ్రాంటుకు దరఖాస్తు చేయడానికి అది చాలు. కాంట్రాక్టు అధ్యాపకులను ఇందులో తప్పక చేర్చాలి. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి హైదరాబాద్ సంస్థల పరికరాలను వాడుకునే ఒప్పందాలు, నైతిక అనుమతులకు విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా వాడుకోగల సంఘాలు, దరఖాస్తు రాయడంలో శిక్షణ దీనికి తోడవ్వాలి. మంజూరైన డబ్బు సకాలంలో చేతికందాలి. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించనట్లు, గ్రాంటు వచ్చాక కొనుగోలు ఫైలు ఆరు నెలలు బల్లపై పడి ఉంటే పరిశోధన కాలం కరిగిపోతుంది.

మూడోది ఎంపిక పద్ధతి. ఎంపిక సంఘాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ శాస్త్రజ్ఞులు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రతినిధులు తప్పనిసరిగా ఉండాలి. ప్రతి పోటీలోనూ నాణ్యత గీత దాటిన ప్రతిపాదనలు ఉన్న నిధులకన్నా ఎక్కువే వస్తాయి. ఆ గీత దాటినవారిలో ఎవరిని తీసుకున్నా శాస్త్రానికి నష్టం లేదు. అక్కడ సామాజిక వాటాను పాటించాలి. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013 నుంచి ఒక గ్రాంటు విషయంలో, గీత దాటిన దరఖాస్తుల నుంచి లాటరీ తీసి ఎంపిక చేస్తోంది. సమాన యోగ్యుల మధ్య లాటరీ వేయడానికి శాస్త్రలోకం సిగ్గుపడనప్పుడు, సమాన యోగ్యుల మధ్య న్యాయం పాటించడానికి ఎందుకు సంకోచించాలి? పీహెచ్‌డీ తర్వాత నియామకాలు లేక వృథా అయిన ఏళ్లను అర్హతా కాలం నుంచి మినహాయించడం కూడా ఇందులో భాగం కావాలి.

విద్యార్థులు, అధ్యాపక సంఘాలు ఈ డిమాండ్లను చేపట్టాలి. సమాచార హక్కు దరఖాస్తులతో, పార్లమెంటు సభ్యుల ప్రశ్నలతో ఆ అంకెలు బయటికి రప్పించాలి. మూడో దశ నిధుల తొలి ఎంపికలు జరిగే ఈ కాలమే అందుకు తగిన సమయం. 2030-31 దాటాక అడిగితే దక్కేది విచారం తప్ప వాటా కాదు. మన గురుకులాల్లో సూక్ష్మదర్శిని కింద తొలిసారి ఉల్లిపొర కణాన్ని చూసి అబ్బురపడే పిల్లలకు మనం డాక్టరేట్ వరకు దారి వేశాం. ఆ దారి ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగిపోకూడదు. శాస్త్రానికి కులం లేదన్న మాట నిజం కావాలంటే, ముందు శాస్త్రానికి నిధులిచ్చేవారు తమ లెక్కలు ప్రజల ముందు పెట్టాలి.